శాంటా ఎర్ర కోటు కోకా కోలా ఇచ్చిందేనా?

డిసెంబరు మొదలైతే చాలు, శాంటాక్లాజ్‌కి ఎర్ర కోటు తొడిగింది కోకా కోలా కంపెనీయే అంటూ ఎవరో ఒకరు ఫార్వర్డ్ పంపిస్తారు. అంతకుముందు ఆయన పచ్చ బట్టల్లో ఉండేవాడట, కూల్‌డ్రింకులు అమ్ముకోవడానికి కంపెనీవాళ్లు రంగు మార్చేశారట. పండగల వెనక వ్యాపారం ఉందని అందరికీ ముందే ఒక అనుమానం ఉంటుంది కాబట్టి ఇట్టే నమ్మేస్తాం. కానీ అది నిజం కాదు. కోకా కోలా కోసం హాడన్ సండ్‌బ్లోమ్ అనే చిత్రకారుడు శాంటా బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టింది 1931లో. అప్పటికి ఎన్నో ఏళ్ల ముందు నుంచే పత్రికల అట్టల మీదా గ్రీటింగ్ కార్డుల మీదా ఎర్ర కోటూ తెల్ల గడ్డంతో శాంటా తిరుగుతూనే ఉన్నాడు. సండ్‌బ్లోమ్ ఆ రూపాన్నే 1964 దాకా వేసి వేసి, ఇంకో రంగులో ఆయన్ని ఊహించుకోవడం కష్టమయ్యేలా చేశాడు, అంతే.

ఈ చలికాలం పండగల చరిత్ర చదవడం నాకో పిచ్చి. చదివేకొద్దీ ఏం తేలిందంటే, వేల ఏళ్ల నాటివని మనం అనుకునే ఆచారాలు చాలావాటికి రెండొందల ఏళ్లు కూడా ఉండవు. ఇదంతా నిన్నమొన్నటి వ్యాపారమే అని కొట్టిపారేసేవాటికేమో అడుగున ఎక్కడో నిజంగానే ఒక పాత వేరు దొరుకుతుంది. అంటే "అంతా ప్రాచీనం" అనేవాళ్లూ, "అంతా మార్కెటింగ్" అనేవాళ్లూ, వీళ్లకి తోడు "అంతా వేరేవాళ్ల దగ్గర కొట్టేసిందే" అనేవాళ్లూ, ముగ్గురూ తొందరపడుతున్నారు. ముందు శాంటా సంగతే చూద్దాం, ఆయన తిరిగినంత తిరుగుడు ఇంకెవరూ తిరగలేదు.

ఇప్పటి టర్కీలో డెమ్రే అని ఒక ఊరుంది. పాతకాలంలో దాని పేరు మైరా. నాలుగో శతాబ్దంలో అక్కడ నికొలస్ అనే బిషప్ ఉండేవాడు. ఆయన గురించి గట్టిగా చెప్పగలిగేది చాలా తక్కువ, కథలు మాత్రం బోలెడు. అన్నిటికంటే పేరున్న కథ ముగ్గురు కూతుళ్ల కట్నం కథ. ఒక పేద తండ్రి కూతుళ్లకి పెళ్లి చెయ్యలేక అవస్థ పడుతుంటే, నికొలస్ రాత్రిపూట చప్పుడు చెయ్యకుండా కిటికీలోంచి బంగారం మూట విసిరేసి వెళ్లిపోయేవాడని చెబుతారు. రాత్రి రావడం, ఎవరికీ కనిపించకుండా కానుక వదిలి వెళ్లడం అప్పుడే ఉన్నాయన్నమాట. 1087లో ఇటలీలోని బారీ నగరం నావికులు మైరా వెళ్లి ఆయన ఎముకలు ఎత్తుకొచ్చేశారు. (దాన్ని దొంగతనం అనరు, భక్తి అంటారు.) వాటికోసం కట్టిన చర్చి బారీలో ఇప్పటికీ ఉంది. దాంతో పడమటి యూరప్‌లో నికొలస్ పేరు ఇంకా మోగిపోయింది. ఆయన పండగ డిసెంబరు 6న. పిల్లలకి కానుకలిచ్చేది ఆ పండగకే, క్రిస్మస్‌కి కాదు. నెదర్లాండ్స్‌లో ఇప్పటికీ ముందురోజు సాయంత్రం, అంటే 5న, ఇస్తారు. పదహారో శతాబ్దంలో ప్రొటెస్టెంట్ ఉద్యమం వచ్చి సాధువుల పూజ వద్దన్నాక, జర్మన్ ప్రాంతాల్లో కానుకలిచ్చే పని బాల యేసుకి అప్పగించి తారీకుని క్రిస్మస్‌కి జరిపారు.

మరి బిషప్ కాస్తా బానపొట్ట తాతగా ఎప్పుడు మారాడు? న్యూయార్క్‌లో, పందొమ్మిదో శతాబ్దంలో. ఆ ఊరు మొదట్లో డచ్చివాళ్లది కాబట్టి, పాత డచ్ ముచ్చట్లంటే అక్కడి రచయితలకి సరదా. 1809లో వచ్చిన ఒక వెటకారపు న్యూయార్క్ చరిత్ర పుస్తకంలో నికొలస్ పేరు మళ్లీ మళ్లీ వస్తుంది. తర్వాత 1823 డిసెంబరు 23న ట్రాయ్ అనే ఊరి పత్రికలో రాసినవాళ్ల పేరు లేకుండా ఒక పద్యం అచ్చయింది. ఎనిమిది రెయిన్‌డీర్లూ వాటి పేర్లూ, పొగగొట్టంలోంచి దిగడం, క్రిస్మస్ ముందురాత్రి రావడం, నవ్వితే అదిరే పొట్ట, అన్నీ అందులో ఉన్నాయి. ఒక తమాషా ఏంటంటే ఆ పద్యంలో శాంటా బుల్లి మనిషి, మంచు మీద జారే ఆయన బండి, స్లెడ్జి, కూడా బుల్లిదే. అంత లావు మనిషి పొగగొట్టంలో ఎలా పడతాడని పిల్లలు అడిగే ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది, మొదట్లో ఆయన పట్టేంత చిన్నవాడే. పెద్దవాణ్ని చేసింది తర్వాతి చిత్రకారులు.

వాళ్లలో ముఖ్యుడు థామస్ నాస్ట్. 1863 జనవరిలో 'హార్పర్స్ వీక్లీ' పత్రికలో ఆయన వేసిన మొదటి శాంటా, అమెరికా జెండా నక్షత్రాలూ చారలూ ఉన్న కోటు తొడుక్కుని ఉత్తరాది సైన్యం శిబిరంలో కానుకలు పంచుతుంటాడు. అప్పుడు అంతర్యుద్ధం నడుస్తోంది. అంటే ఆ బొమ్మ శుద్ధ రాజకీయ ప్రచారం. ఉత్తర ధ్రువంలో శాంటాకి ఇల్లు కట్టించినవాళ్లలో కూడా నాస్టే ముందున్నాడు. ఇక నిఖార్సైన వ్యాపారం చూపించమంటే కోటు దగ్గర కాదు, తొమ్మిదో రెయిన్‌డీర్ దగ్గర చూపించాలి. ఎర్ర ముక్కు రుడాల్ఫ్‌ని 1939లో పుట్టించింది మాంట్‌గొమరీ వార్డ్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ప్రకటనలు రాసే ఉద్యోగి. షాపుకి వచ్చే పిల్లలకి ఊరికే పంచడానికి ఒక చిన్న పుస్తకం కావాలని పై అధికారులు అడిగితే రాశాడు. మొదటి ఏడాదే 20 లక్షలకి పైగా కాపీలు పంచారు. కోకా కోలా మీద పడేవాళ్లు రుడాల్ఫ్‌ని మాత్రం ఒక్క మాట అనరు, నాకు భలే ఆశ్చర్యంగా ఉంటుంది.

సరే, తారీకు గొడవకి వద్దాం. యేసు ఏ రోజున పుట్టాడో బైబిల్లో లేదు. మరి డిసెంబరు 25 ఎలా వచ్చింది అంటే, "రోమన్ల సాటర్నేలియా పండగని క్రైస్తవులు లాగేసుకున్నారు" అనే జవాబు రెడీగా ఉంటుంది. సాటర్నేలియా నిజంగానే గొప్ప సరదా పండగ. డిసెంబరు 17న మొదలై, పెరుగుతూ పెరుగుతూ 23 దాకా వెళ్లింది. ఆ రోజుల్లో యజమానులు బానిసలకి వడ్డించేవాళ్లు, మామూలుగా నిషేధమైన జూదం బాహాటంగా ఆడేవాళ్లు, ఇంట్లో ఒకణ్ని ఉత్తుత్తి రాజుని చేసి వాడు ఏం చెప్తే అది చేసేవాళ్లు, కొవ్వొత్తులూ చిన్న చిన్న మట్టిబొమ్మలూ కానుకలుగా ఇచ్చుకునేవాళ్లు. ఆ అల్లరి క్రిస్మస్‌లోకి పారిందంటే నేను ఒప్పుకుంటాను. తారీకు మాత్రం కుదరదు, ఎంత సాగదీసినా 25కి రాదు.

ఇంకో వాదన సూర్యుడి పండగ. ఆరేలియన్ చక్రవర్తి క్రీ.శ. 274లో 'ఓటమిలేని సూర్యుడు' అనే దేవుడికి రోమ్‌లో గుడి కట్టించాడు. ఆ దేవుడి పుట్టినరోజు డిసెంబరు 25 అంటారు. బాగానే ఉంది, కానీ ఆ తారీకు మనకి దొరికేది క్రీ.శ. 354 నాటి ఒక పంచాంగ సంకలనంలో. క్రీస్తు డిసెంబరు 25న పుట్టాడని రాసిన తొలి జాబితా, 336 నాటిది అంటారు, అది కూడా అదే సంకలనంలో ఉంది! ఎవరు ముందో ఎవరు వెనకో ఆ కాగితం చూసి చెప్పలేం. ఇంకో లెక్క కూడా ఉంది, చాలామంది చరిత్రకారులు దాన్ని గట్టిగానే పట్టించుకుంటారు. మహాపురుషులు గర్భంలో పడ్డ తారీకునే చనిపోతారని పాతకాలంలో ఒక నమ్మకం. యేసు శిలువ మీద చనిపోయింది మార్చి 25 అని పడమటివాళ్లు లెక్కకట్టారు, దానికి తొమ్మిది నెలలు కలిపితే డిసెంబరు 25. తూర్పువాళ్లు ఏప్రిల్ 6 అనుకున్నారు, తొమ్మిది నెలలు కలిపితే జనవరి 6. అర్మేనియా చర్చి ఇప్పటికీ జనవరి 6నే క్రీస్తు జననం చేసుకుంటుంది. సూర్యుడి పండగ వాదనతో ఈ జనవరి 6ని వివరించడం కష్టం, అందుకే నేను కొంచెం లెక్కల వైపే మొగ్గుతాను.

ఎవరి లెక్క ఎలా ఉన్నా, ఆ రోజుల్లో రోమన్ల క్యాలెండర్ ప్రకారం ఏడాదిలో అతి చిన్న పగలు కూడా డిసెంబరు 25నే అనుకునేవాళ్లు. భూమి అక్షం సుమారు 23.4 డిగ్రీలు వంగి ఉండటం వల్ల ఉత్తరాన డిసెంబరులో సూర్యుడు కిందకి దిగిపోతాడు, తర్వాత మళ్లీ పైకి ఎక్కుతాడు. ఇది కంటికి కనిపించే సంగతి కాబట్టి చాలాచోట్ల ఏదో ఒక పండగ అక్కడ చేరింది. ఇరాన్‌లో యల్దా రాత్రి దానిమ్మలూ పుచ్చకాయలూ తింటూ, హాఫిజ్ కవితలు తెరిచి జోస్యం చూసుకుంటూ తెల్లవార్లూ మేలుకుంటారు. చైనాలో డోంగ్‌జీ రోజున కుటుంబమంతా కలిసి భోంచేస్తుంది. అయితే సూర్యుడొక్కడే కారణం అనుకోకూడదు. ఉత్తర యూరప్‌లో పొలం పని అప్పటికి అయిపోయేది. చలికాలమంతా మేపడానికి గడ్డి చాలదు కాబట్టి ఎక్కువున్న పశువుల్ని కోసేసేవాళ్లు, నవంబరు పశువుల్ని బలిచ్చే నెల అని ఎనిమిదో శతాబ్దంలోనే బీడ్ అనే ఇంగ్లండు సన్యాసి రాసిపెట్టాడు. కొత్త బీరు తయారై ఉండేది. మాంసం ఉంది, బీరు ఉంది, పని లేదు. ఇంక పండగ రాకుండా ఉంటుందా?

నార్వేలో అదే జరిగింది. వాళ్ల యూల్ పండగ పాతది. ఇంగ్లండులో క్రైస్తవుడిగా పెరిగిన హాకన్ రాజు పదో శతాబ్దంలో తిరిగొచ్చి, యూల్‌ని క్రిస్మస్ రోజులకే చేసుకోవాలని చట్టం చేశాడట. ప్రతి ఇంట్లో ఇంత కొలత బీరు కాచాలి, కాచకపోతే జరిమానా, ఆ బీరు ఉన్నన్నాళ్లూ సెలవు. నాకు తెలిసిన చట్టాల్లో ఇంత ముచ్చటైనది ఇంకోటి లేదు. కాకపోతే ఈ కథ రాసింది దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత, ఐస్‌లాండ్‌లో, అందుకే "జరిగిందట" అనే అంటున్నాను. పాత యూల్‌లో ఏమేం చేసేవాళ్లో మనకి తెలిసేది చాలావరకూ ఇలా తర్వాతి క్రైస్తవులు రాసిన రాతల్లోంచే.

క్రిస్మస్‌కి మిసిల్‌టో (చెట్ల కొమ్మల మీద పెరిగే బదనిక లాంటి మొక్క) వేలాడదీసి దాని కింద ముద్దు పెట్టుకోవడం కూడా ఇలాంటిదే. పడమటి యూరప్‌లోని పాత కెల్ట్ జాతుల పూజారులు, డ్రూయిడ్‌లు, తెల్ల బట్టలు కట్టుకుని ఓక్ చెట్టెక్కి బంగారు కొడవలితో మిసిల్‌టో కోసేవాళ్లని మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ రాశాడు. బాగుంది, కానీ అందులో ముద్దు లేదు, డిసెంబరూ లేదు. ముద్దు సంగతికి సాక్ష్యం దొరికేది పద్దెనిమిదో శతాబ్దం ఇంగ్లండులో. మధ్యలో పదిహేడు వందల ఏళ్లు ఖాళీ. ఆ ఖాళీ మీదుగా ఒక్క గంతులో దూకేసి "ప్రాచీన డ్రూయిడ్ ఆచారం" అని రాసేస్తారు.

ఇప్పుడు క్రిస్మస్ అంటే ఇంటి పండగ, పిల్లల పండగ. నాలుగు వందల ఏళ్ల క్రితం అలా లేదు, అది వీధి పండగ, తాగుడు పండగ. కుర్రాళ్లు గుంపులు కట్టి ధనవంతుల ఇళ్లకి వెళ్లి పాటలు పాడి తిండీ మందూ అడిగేవాళ్లు, ఇవ్వకపోతే గొడవ చేసేవాళ్లు. ప్యూరిటన్‌లు అనే కరడుగట్టిన ప్రొటెస్టెంట్లకి ఇది చూస్తే ఒళ్లు మండేది. తాగుడు సరే, అసలు బైబిల్లో లేని పండగ ఎందుకన్నది వాళ్ల ప్రశ్న. 1647లో ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మస్‌ని రద్దు చేసింది. ఆ డిసెంబరు 25న షాపులు తెరవాలని కాంటర్‌బరీ మేయరు పట్టుబడితే జనం తిరగబడి ఊరినే గుప్పిట్లోకి తీసుకున్నారు. సముద్రం అవతల మసాచుసెట్స్ కాలనీలో 1659లో ఇంకో చట్టం చేశారు, క్రిస్మస్ చేసుకుంటూ దొరికితే ఐదు షిల్లింగుల జరిమానా. దాన్ని 1681లో ఎత్తేశారు. స్కాట్లండులోనైతే ఆ పట్టుదల ఇంకా గట్టిది, అక్కడ క్రిస్మస్‌కి అధికారికంగా సెలవు ఇచ్చింది 1958లో! స్కాట్లండువాళ్లు కొత్త సంవత్సరాన్ని అంత జోరుగా చేసుకోవడానికి ఇదొక పెద్ద కారణం. సరదా అంతా ఎక్కడికి పోతుంది, వారం రోజులు అవతలకి జరిగింది. క్రిస్మస్‌ని దెబ్బతీసింది నాస్తికులు కాదు, మహా భక్తులు. ఫార్వర్డుల్లో ఈ ముక్క ఎప్పుడూ కనపడదు.

ఆ వీధి పండగని ఇంట్లోకి తెచ్చింది పందొమ్మిదో శతాబ్దం మధ్యతరగతి. అందులో చెట్టుది పెద్ద పాత్ర. చెట్టు జర్మన్ ప్రాంతాలది. 1605లో స్ట్రాస్‌బర్గ్ గురించి ఒకరు రాసిన రాతలో, ఇళ్లలో చెట్లు నిలబెట్టి కాగితం గులాబీలూ ఆపిల్ పళ్లూ అప్పచ్చులూ మిఠాయిలూ వేలాడదీసేవాళ్లని ఉంది. ఆపిల్ ఎందుకంటే, డిసెంబరు 24 పాత క్యాలెండర్‌లో ఆదాము, అవ్వల రోజు, ఆ రోజు వేసే నాటకాల్లో ఏదెను తోట చెట్టుకి ఆపిల్ పళ్లు కట్టేవాళ్లు. చెట్టు మూలం అక్కడుందని చాలామంది అంటారు, నాకూ అదే నమ్మదగ్గదిగా కనిపిస్తుంది. మార్టిన్ లూథర్ ఒక రాత్రి కొమ్మల మధ్య నక్షత్రాలు చూసి మురిసిపోయి ఇంట్లో చెట్టుకి కొవ్వొత్తులు పెట్టాడన్న కథ ఉంది చూశారూ, అది చాలా అందమైన కథ, దానికి లూథర్ కాలం నాటి ఆధారం ఒక్కటీ లేదు.

ఇంగ్లండుకి చెట్టు తెచ్చింది విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ అంటారు. నిజానికి అంతకుముందే, 1800లో, మూడో జార్జి భార్య షార్లెట్ రాణి విండ్సర్‌లో పిల్లల కోసం చెట్టు పెట్టించింది. ఆమెదీ జర్మనీయే. కానీ దాని బొమ్మ ఏ పత్రికలోనూ రాలేదు, అందుకని రాజవంశం బయట పెద్దగా అంటుకోలేదు. 1848లో 'ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్' విక్టోరియా, ఆల్బర్ట్, పిల్లలు చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ వేసింది. అంతే, మధ్యతరగతి ఇళ్లన్నిట్లో చెట్టు కావాల్సొచ్చింది. 1850లో అదే బొమ్మని 'గోడీస్ లేడీస్ బుక్' అనే అమెరికా పత్రిక మళ్లీ వేసింది, కాకపోతే రాణి నెత్తిమీది కిరీటం తీసేశారు, ఆల్బర్ట్ మీసాలు చెరిపేశారు. రాజులంటే పడని దేశం కదా, రాజకుటుంబాన్ని మామూలు అమెరికన్ కుటుంబంగా మార్చేశారు. ఫోటోషాప్ రావడానికి ముందే ఈ పని చేసినవాళ్లకి దండం పెట్టాలి. అమెరికాలో చెట్టు ఇంటింటికీ పాకడానికి ఆ ఒక్క బొమ్మ చేసిన సాయం తక్కువేమీ కాదు.

చెట్టుకి వేలాడదీసే మెరిసే గాజు గోళాలు జర్మనీలో లౌషా అనే గాజు పనివాళ్ల ఊరి నుంచి వచ్చాయి. లైట్లేమో నేరుగా ఎడిసన్ కంపెనీ నుంచే. 1882లో ఆ కంపెనీలో పెద్ద పదవిలో ఉన్న ఎడ్వర్డ్ జాన్సన్, న్యూయార్క్‌లో తన ఇంట్లో చెట్టుకి ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో 80 చిన్న బల్బులు చుట్టించి, విలేకరుల్ని పిలిచాడు. కింద యంత్రం చెట్టుని గిరగిరా తిప్పుతోంది. కరెంటు అమ్ముకునే కంపెనీ మనిషి తన సరుకుని చూపించుకున్నాడు, ఇందులో దాచేదేముంది? అయితే ఆకుల మధ్య నిజం కొవ్వొత్తులు వెలిగించి పక్కన నీళ్ల బకెట్టు పెట్టుకోవడం కంటే ఇదే నయం కదా. వ్యాపారం కోసం పుట్టిందన్నంత మాత్రాన పనికిరానిది అయిపోదు.

కార్డులది చిన్న కథ. 1840లో బ్రిటన్‌లో పెన్నీ పోస్టు వచ్చింది, ఒక్క పెన్నీ ఇస్తే దేశంలో ఎక్కడికైనా ఉత్తరం. హెన్రీ కోల్ అనే అధికారికి స్నేహితులు ఎక్కువ, జవాబులు రాసే ఓపిక తక్కువ. అందుకని 1843లో ఒక చిత్రకారుడి చేత బొమ్మ వేయించి వెయ్యి కార్డులు అచ్చేయించాడు, మిగిలినవి ఒక్కోటి షిల్లింగుకి అమ్మాడు. ఆ బొమ్మలో కుటుంబమంతా వైన్ తాగుతోంది, చిన్నపిల్లతో సహా. మద్యం వద్దనే సంఘాలవాళ్లు గగ్గోలు పెట్టారు. అంటే మొట్టమొదటి క్రిస్మస్ కార్డుకే వివాదం.

యూదుల హనుక్కా గురించి ఒక్క మాట. క్రీ.పూ. 164లో జెరూసలేం ఆలయాన్ని గ్రీకు పాలకుల నుంచి తిరిగి తీసుకుని శుద్ధి చేసిన సంఘటనకి గుర్తు అది. ఒక్కరోజుకి సరిపడా నూనె ఎనిమిది రోజులు వెలిగిందన్న మహిమ ఆ కాలానికి దగ్గరగా రాసిన మక్కబీయుల పుస్తకాల్లో కనిపించదు, కొన్ని శతాబ్దాల తర్వాత తాల్ముద్ అనే యూదుల ధర్మగ్రంథంలో వస్తుంది. యూదుల క్యాలెండర్‌లో నిజానికి అంత పెద్ద పండగ కాదు. అమెరికాలో పక్కింట్లో క్రిస్మస్ కానుకలు చూసి పిల్లలు అడగడంతో పెద్దదైంది.

చలికాలం పండగలు అర్థం కావాలంటే క్యాలెండర్ జరగడం కూడా తెలియాలి. స్వీడన్‌లో డిసెంబరు 13న లూసియా పండగ. తలమీద కొవ్వొత్తుల కిరీటం, తెల్ల గౌను, నడుముకి ఎర్ర పట్టీ. అతి పొడుగు రాత్రి డిసెంబరు 21 ప్రాంతంలో ఉండగా 13 ఎందుకంటే, పాత జూలియన్ క్యాలెండర్ కొద్దికొద్దిగా వెనకబడుతూ వచ్చి, పద్నాలుగో శతాబ్దానికి అతి పొడుగు రాత్రి సరిగ్గా అక్కడే పడేది. తర్వాత క్యాలెండర్ సరిచేశారు, పండగ మాత్రం పాత చోటే ఉండిపోయింది. దేశమంతా కనిపించే ఇప్పటి లూసియా ఊరేగింపుకి మాత్రం అంత వయసు లేదు, దాన్ని ఊరూరికీ చేర్చింది 1927లో స్టాక్‌హోమ్‌లో ఒక పత్రిక పెట్టిన పోటీ. మళ్లీ పత్రికే చూడండి.

జనవరి 1 కూడా దేవుడు పెట్టిన రోజేం కాదు. రోమన్ల ఏడాది ఒకప్పుడు మార్చిలో మొదలయ్యేది. స్పెయిన్‌లో తిరుగుబాటు వచ్చి సేనాపతులు తొందరగా బయల్దేరాల్సి రావడంతో, క్రీ.పూ. 153 నుంచి రోమ్‌ని ఏలే పెద్ద అధికారులు, కాన్సుల్స్, జనవరి 1నే పదవిలోకి రావడం మొదలైంది. తర్వాత కూడా అందరూ ఒప్పుకోలేదు. ఇంగ్లండులో 1752 దాకా చట్టం ప్రకారం కొత్త ఏడాది మార్చి 25న వచ్చేది. ఆ ఏడాదే గ్రెగోరియన్ క్యాలెండర్‌కి మారుతూ సెప్టెంబరు 2 తర్వాత నేరుగా 14కి వెళ్లారు. "మా పదకొండు రోజులు మాకివ్వండి" అని జనం అల్లర్లు చేశారన్నది చాలావరకూ కల్పనే. కానీ క్వెయిన్‌టన్ అనే పల్లెలో ఆ డిసెంబరు 24 రాత్రి జనం లాంతర్లు పట్టుకుని, క్రిస్మస్‌కి పూస్తుందని పేరున్న ఒక ముళ్ల చెట్టు చుట్టూ చేరారు, చెట్టు ఏ క్యాలెండర్‌ని ఒప్పుకుంటుందో చూద్దామని. అది పూయలేదు. దాంతో కొత్త తారీకు క్రిస్మస్ మేం చేసుకోం అన్నారు. ఈ తగువు ఇంకా తీరనేలేదు. రష్యా చర్చి ఇప్పటికీ పాత లెక్కలో జనవరి 7న చేసుకుంటుంది, ఉక్రెయిన్ మాత్రం యుద్ధం మధ్యలో, 2023లో, అధికారిక సెలవుని డిసెంబరు 25కి మార్చేసింది.

రష్యా అన్నాను కాబట్టి అక్కడి చెట్టు సంగతీ చెప్పాలి. 1920ల చివర్లో సోవియెట్ ప్రభుత్వం క్రిస్మస్ చెట్టుని మతం సరుకని తిట్టి తరిమేసింది. 1935 డిసెంబరు 28న 'ప్రావ్దా' పత్రికలో పోస్తిషెవ్ అనే పార్టీ నాయకుడి ఉత్తరం వచ్చింది, పిల్లలకి చెట్టు ఎందుకు దూరం చెయ్యాలి, కొత్త సంవత్సరానికి పెడదాం అని. కొన్ని రోజుల్లోనే చెట్లు తిరిగొచ్చేశాయి, పైన బెత్లెహేము నక్షత్రం ఉండే చోట ఎర్ర నక్షత్రంతో. ఉత్తరం అచ్చయింది 28న, పండగ 31న, మధ్యలో ఆ అధికారులు పడ్డ టెన్షన్ ఎలా ఉండి ఉంటుందో.

కొత్త సంవత్సరం వచ్చే అర్ధరాత్రి న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో వెలిగే బంతిని దించడం కూడా అవసరం కొద్దీ వచ్చిందే. 1904లో టైమ్స్ పత్రిక కొత్త భవనం దగ్గర బాణసంచాతో మొదలుపెట్టారు. తర్వాత నగరం బాణసంచా వద్దంటే 1907లో వంద బల్బులు పెట్టిన బంతిని కర్ర మీంచి దించారు. ఓడలవాళ్లు గడియారాలు సరిచూసుకోవడానికి రేవుల్లో అలాంటి బంతులు ఉండేవి. గ్రీనిచ్‌లో 1833 నాటిది ఇంకా ఉంది, మధ్యాహ్నం ఒంటిగంటకి దిగుతుంది. ఇక జపాన్‌లో క్రిస్మస్ అంటే వేయించిన చికెన్. కేఎఫ్‌సీ 1974లో దేశమంతా చేసిన ప్రచారం ఫలితం అది, ఇప్పుడు ముందే ఆర్డర్ పెట్టుకోకపోతే దొరకడం కష్టం. ఇక్కడ మాత్రం "అంతా మార్కెటింగ్" అనేవాళ్లు గెలిచారు, ఒప్పుకుంటున్నాను.

ఆచారం ఎలా పుడుతుందో మన కళ్లముందే చూడాలంటే స్వీడన్‌లో యెవ్లె ఊరికి వెళ్లాలి. క్రిస్మస్‌కి గడ్డితో మేక బొమ్మ చెయ్యడం, యూల్ మేక అంటారు, ఆ దేశాల్లో పాత ఆచారమే. యెవ్లెవాళ్లు 1966లో ఊరి మధ్య 13 మీటర్ల గడ్డి మేకని నిలబెట్టారు. ఆ ఏడాది చివరి రాత్రే ఎవరో దానికి నిప్పు పెట్టారు. మళ్లీ కట్టారు, మళ్లీ తగలబెట్టారు. కంచెలు వేశారు, కెమెరాలు పెట్టారు, కాలకుండా మందు చల్లారు, అయినా ఇప్పటికి ఎన్నో సార్లు కాలింది. అది నేరం, పట్టుబడితే జైలు. 2001లో అమెరికా నుంచి వచ్చిన ఒకాయన నిప్పు పెట్టి దొరికిపోయాడు. ఇది ఇక్కడి ఆచారమనీ, చట్టం ఒప్పుకుంటుందనీ అనుకున్నానని చెప్పాడు. కోర్టు లైటర్ లాక్కుని లక్ష క్రోనార్ల జరిమానా వేసింది, 18 రోజులు జైల్లో ఉన్నాడు. 2016లో మేకకి 50 ఏళ్ల వేడుక ఘనంగా చేశారు, ఆవిష్కరించిన రోజు రాత్రే కాల్చేశారు. 2023లో ఎవరూ నిప్పు పెట్టలేదు, కాకపోతే ఆ ఏడాది గడ్డిలో గింజలు ఎక్కువ మిగిలిపోవడంతో కాకి జాతి పిట్టలు వచ్చి పొడుచుకు తినేశాయి.